వళీభంజని: ఒక తెల్లచొక్కా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ రాసిన కోలాచల మల్లినాథసూరి మనవాడే, మెదక్ సీమ వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన మొదట్లోనే మాట ఇచ్చాడు. మేము అలాంటి మాటేదీ ఇవ్వడం లేదు. మాకు దొరికిన మూలం నాలుగు పాదాల ఆటవెలది. అందులో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ.

ఈ వ్యాఖ్య పేరు వళీభంజని. వళి అంటే ముడత. ముడతలు పోగొట్టేది కనుక వళీభంజని, అనగా ఇస్త్రీపెట్టె. తెలుగు లాక్షణికులు యతిని కూడా వళి అంటారు కాబట్టి పేరు వినగానే ఛందస్సు తెలిసినవాళ్లు ఉలిక్కిపడవచ్చు. భయం లేదు. పద్యంలో యతులు చెక్కుచెదరలేదు.

కవి ఎవరో తెలియదు. పద్యాన్ని బట్టి చూస్తే ఉద్యోగి, మగవాడు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నవాడు. ఈ మూడోది ఎలా తేలిందో టీకలో చూడవచ్చు.

మూలం

ఉతికి యారవేసి యొద్దికగా మడ్చి
తెల్లచొక్క యొకటె దినము దొడుగు
నేది తొడుగవలెనొ యెంచెడి పనిలేదు
బుద్ధి మిగులు ననును పురుషుడొకడు

ప్రతిపదార్థం

పురుషుడొకడు = ఒకానొక మగవాడు; ఉతికి = (చొక్కాను) శుభ్రపరచి; ఆరవేసి = దండెం మీద వేసి; ఒద్దికగా మడ్చి = అంచులు కలిసేటట్టు మడతపెట్టి; తెల్లచొక్క యొకటె = తెల్లని చొక్కా మాత్రమే; దినము = ప్రతిరోజూ; తొడుగును = వేసుకొనును; ఏది తొడుగవలెనొ = ఏ చొక్కా వేసుకోవాలో; ఎంచెడి = ఆలోచించే; పనిలేదు = అవసరం లేదు; బుద్ధి మిగులును = తెలివి ఆదా అగును; అనును = అని చెప్పుచుండును (అడిగినా, అడక్కపోయినా అని శేషం).

‘తొడుగు’ కాస్తా ‘దొడుగు’ అయింది గసడదవాదేశం వల్ల. ఎక్కువసార్లు ఉతకడం వల్ల కాదు. ‘మడిచి’ నలిగి ‘మడ్చి’ అయింది. చొక్కా నలగకూడదన్న పట్టుదలలో మాట నలిగినా కవి పట్టించుకోలేదు.

తాత్పర్యం

ఒకడు రోజూ ఒకే రకం తెల్లచొక్కా వేసుకుంటూ, పొద్దున్నే బట్టలు ఎంచుకునే బాధ తప్పిందని, ఆ తెలివి పెద్ద పనులకు మిగిలిందని అంటున్నాడు. బడిపిల్లలు ఇక్కడితో పుస్తకం మూసేయవచ్చు. పరీక్షలో ఇంతే వస్తుంది.

టీక

ఒకటె: ఇక్కడ పెద్ద చిక్కుంది. ‘ఒకటె’ అన్నది జాతిని చెబుతోందా, వ్యక్తిని చెబుతోందా? పదానికి జాతే అర్థమని మీమాంసకుల మతం. ఆ లెక్కన చొక్కాలు ఎన్నయినా ఉండవచ్చు, చొక్కాతనం మాత్రం ఒకటే. దీనికి ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ ఉదాహరణ. ఆయన జపాన్ వెళ్లి సోనీలో ఉద్యోగులంతా ఒకే తీరు దుస్తుల్లో ఉండడం చూసి ముచ్చటపడ్డాడు. వాటి రూపకర్త ఇస్సే మియాకే. తన ఉద్యోగులకూ అలాంటివి కుట్టిస్తానని ప్రతిపాదిస్తే వాళ్లు గోల చేసి తిప్పికొట్టారు. ఊరికి నప్పనిది ఒంటికైనా నప్పుతుందని తన కోసం మియాకే చేత మెడదాకా ఉండే నల్ల బనియన్లు చేయించుకున్నాడు. వందదాకా వచ్చాయని 2011లో వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్రలో ఉంది. వంద ఉన్నా ఒకటే. ఇది జాతిపక్షం.

వ్యక్తిపక్షం వేరు. నిజంగా ఒకటే చొక్కా ఉన్నవాడు రాత్రి ఉతుక్కుని, తెల్లారేసరికి ఆరిందో లేదో చూసుకుని, చెమ్మ ఉన్నా అదే తొడుక్కుని పనికి పోతాడు. ఏది తొడుక్కోవాలని ఎంచే పని ఇతనికీ లేదు. ఇతని బుద్ధి మిగిలిందని మాత్రం ఎవరూ వ్యాసాలు రాయలేదు. అంచేత బుద్ధి మిగలాలంటే ముందు బీరువా నిండాలన్నది నియమంగా కనబడుతోంది.

ఈ రెండు పక్షాలకూ అందనిది ఇంకొకటి ఉంది. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టాడు. చివరిదాకా ఆయన వేషం అదే. అది పొద్దుటి పూట తెలివి ఆదా చేసుకోవడానికి కాదు. ఒంటినిండా కప్పుకునే గుడ్డ లేని జనం కళ్ల ముందు ఉండగా తనకెందుకని. మన కవిని ఆయన పక్కన నిలబెట్టడం కవికే ఇబ్బంది కనుక ముందుకు పోదాం.

తెల్ల: అపహ్నుతి అలంకారానికి ఇంతకంటే మంచి లక్ష్యం దొరకదు. ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని నిలబెట్టడం అపహ్నుతి. తెల్ల నూలుబట్ట వాడగా వాడగా పసుపుబారుతుంది. దాన్ని తెల్లగా చూపించడానికి బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు నీలం వేసి జాడిస్తారు. పసుపును నీలం కప్పేస్తే కంటికి తెలుపనిపిస్తుంది. కాబట్టి చొక్కా తెల్లగా ఉందంటే సరైన పాళ్లలో నీలంగా ఉందని అర్థం. ఆ పాళ్లు ఎవరికి తెలుసన్నది కాసేపట్లో వచ్చే ప్రశ్న.

తెలుగునాట ఫెళఫెళలాడే గంజి పెట్టిన తెల్లచొక్కా నాయకత్వ లక్షణం. రంగు మార్చినవాళ్లూ ఉన్నారు. ఎన్టీ రామారావు 1982లో చైతన్యరథం మీద ఖాకీ వేసి, తర్వాత కాషాయం కట్టాడు. రంగేదైనా వాళ్ల ఏకవస్త్రదీక్ష ఉద్దేశం ఒకటే: మైదానం చివర నిలబడ్డవాడికి కూడా వేదిక మీద ఉన్నదెవరో తెలియాలి. మన కవి ఆఫీసులో ఆయన్ని గుర్తుపట్టలేనివాళ్లు లేరు. కనుక ఆ ప్రయోజనం ఇక్కడ చెల్లదు.

ఉతికి: న గణం. మూడూ లఘువులే. బట్టలుతకడం ఇంత లఘువుగా తోచిందంటే కవి ఆ పని చేసినవాడు కాడు. అదే పద్యంలో ‘బుద్ధి’కి గురువు దొరికింది, గమనించండి.

ఈ మూడు లఘువుల్లో ఇమిడి ఉన్నవేమిటంటే: కాలరు లోపలి జిడ్డు మీద ముందు రాత్రే సబ్బు రాసి నానబెట్టడం, పొద్దున్నే బ్రష్‌తో రుద్దడం, చేతుల అంచులు మళ్లీ రుద్దడం, జేబులో పెన్ను, బస్సు టికెట్టు ఉన్నాయేమో తడిమి చూడడం, రంగు దిగే బట్టలతో కలవకుండా విడిగా వేయడం, జాడించడం, పిండడం, నీలం పెట్టడం, గంజి వార్చి పల్చగా కలిపి అందులో ముంచడం, దులిపి తలకిందులుగా ఆరేయడం. మబ్బు పడితే పరుగున వెళ్లి తీయడం. ఊడిన బొత్తాం కుట్టడం. ఇస్త్రీ బండి ఆ రోజు రాకపోతే ఇంట్లోనే ఇస్త్రీ చేయడం. రంగుల చొక్కా అయితే ఇందులో సగం అక్కర్లేదు. గళ్ల చొక్కా మీద సాంబారు చుక్క పడితే గళ్లలో కలిసిపోతుంది. తెల్లచొక్కా మీద పడితే ఊరంతా చూస్తుంది.

ఇక వ్యాకరణం. ఉతికి, ఆరవేసి, మడ్చి: మూడూ క్త్వార్థకాలు. సంస్కృతంలో క్త్వా ప్రత్యయానికి పాణిని పెట్టిన షరతు, ముందు పని చేసినవాడూ తర్వాతి పని చేసినవాడూ ఒకడే కావాలని. తెలుగు తీరూ అదే. ‘రాముడు వండి తిన్నాడు’ అంటే వండినవాడు రాముడే. సీత వండి ఉంటే ‘సీత వండగా రాముడు తిన్నాడు’ అనాలి. ఈ లెక్కన మన పద్యంలో తొడిగే పురుషుడే ఉతికి, ఆరేసి, మడిచి ఉండాలి. లోకంలో అలా కనబడదు. కనుక ఇది వ్యాకరణ దోషమైనా కావాలి, అబద్ధమైనా కావాలి.

‘ఉతకగా’ అని దిద్దుకోవచ్చు కదా అని శంక. దిద్దితే సూర్యగణం చెడుతుంది. ఎవరు ఉతకగా అని ఎవరైనా అడుగుతారు కూడా.

లోపించిన ఆ కర్త ఎవరన్న విషయంలో నాలుగు మతాలున్నాయి: భార్య, తల్లి, పనిమనిషి, వాషింగ్ మెషీన్. నాలుగోది ఆధునికుల మతం, చూడ్డానికి బలమైనది. మెషీన్ నీళ్లు తిప్పుతుంది, నిజమే. అందులో బట్టలు వేసేదీ, తీసేదీ, దండెం దాకా మోసేదీ మెషీన్ కాదు కాబట్టి ఆ మతం మొదటి మూడింటిలోనే కలిసిపోతుంది.

బుద్ధి మిగులును: ఇది పద్యానికి ఆయువుపట్టు. అమెరికా అధ్యక్షుడిగా ఉండగా బరాక్ ఒబామా 2012లో ఇదే చెప్పాడు: బూడిదరంగు, నీలం సూట్లు తప్ప వేసుకోనని, తాను చేయాల్సిన నిర్ణయాలు వేరే బోలెడున్నాయని. రెండేళ్లకు, 2014 ఆగస్టు 28న, లేత గోధుమరంగు సూటులో విలేకరుల ముందుకొచ్చాడు. ఆయన సిరియా గురించి మాట్లాడితే దేశం సూటు గురించి మాట్లాడింది. నియమం పెట్టుకున్నవాడికి నియమం తప్పిన రోజున ఎంత బుద్ధి ఖర్చవుతుందో మన కవి లెక్కలో వేసుకోలేదు.

బుద్ధి అసలు అలా తరిగిపోతుందా అన్నది పూర్వపక్షం. 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఆకలితో ఉన్నవాళ్ల ముందు వేడి బిస్కెట్లు, ముల్లంగి పెట్టి, కొందరిని ముల్లంగి మాత్రమే తినమంది. వాళ్లు ఆ తర్వాత ఇచ్చిన తెగని చిక్కుముడిని తొందరగా వదిలేశారు. నిగ్రహం ఒకచోట వాడితే ఇంకోచోటికి తక్కువ పడుతుందన్న సిద్ధాంతం అక్కడ మొలిచింది. నిర్ణయాలు చేసిచేసి బుద్ధి అలసిపోతుందన్న మాట దాని కొమ్మే. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, 2 వేలకు పైగా మనుషుల మీద మరో పద్ధతిలో పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. ముల్లంగి తినడం ఎవరికైనా కష్టమేనన్నంత వరకు మాకు అభ్యంతరం లేదు.

సరే, మిగిలిందనే అనుకుందాం. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోరో చద్దన్నమో అవుతుంది. మిగిలిన బుద్ధి ఏమైందో నాలుగు పాదాల్లోనూ లేదు. మా సిద్ధాంతం ఏమిటంటే, నిర్ణయాలు తగ్గలేదు, తల మారాయి. ఏ చొక్కా అన్న ఒక్క ప్రశ్న పడకగదిలో ఆగిపోయింది. నీలం ఎన్ని చుక్కలు, ఇవాళ వాన పడుతుందా, రేపటికి ఉతికినవి ఎన్ని ఉన్నాయి, ఈ కాలరు ఇంకెన్నాళ్లు ఆగుతుంది అన్న ప్రశ్నలు పెరట్లో మొదలయ్యాయి. ‘మిగులును’ అన్న క్రియకు ఎవరికి మిగులును అని అడిగితే, షష్ఠీ విభక్తి తెలిసిన ఎవరికైనా జవాబు తడుతుంది.

పురుషుడొకడు: ‘ఒకడు’ అని ఏకవచనం వేశాడు గానీ వీళ్లు చాలామంది. స్త్రీ అని రాసి ఉంటే పద్యం మూడో పాదం దాటేది కాదు. ఆస్ట్రేలియా టీవీలో కార్ల్ స్టెఫానోవిచ్ ఇంచుమించు ఏడాదిపాటు ఒకే నీలం సూటు వేసుకుని పొద్దుటి కార్యక్రమం నడిపాడు. ఎవరూ గమనించలేదు. 2014లో తానే బయటపెట్టాడు: పక్కన కూర్చునే మహిళ బట్టల మీద ప్రేక్షకులు రోజూ వ్యాఖ్యలు పంపడం చూసి, తన సంగతి ఏమవుతుందో తేల్చుకుందామని చేశానన్నాడు. న్యూయార్క్‌లో మటిల్డా కాల్ అనే ప్రకటనల కళాదర్శకురాలు మూడేళ్లు తెల్ల సిల్కు చొక్కా, నల్ల ప్యాంటుతో ఆఫీసుకు వెళ్లి, 2015లో ఎందుకలా చేస్తున్నదీ ఓ పత్రికలో వివరంగా రాసుకుంది. మగవాడు చెప్పేదాకా తెలియలేదు. ఆమె చెప్పుకోక తప్పలేదు.

మన వైపు అంత దూరం పోనక్కర్లేదు. ఒకే పట్టుచీర రెండు శుభకార్యాలకు కడితే, “ఇది మొన్న మా వాడి గృహప్రవేశంలో కట్టిందే కదటే” అని పెద్దమ్మ భోజనాల బంతిలోనే తేల్చేస్తుంది. ఇప్పుడు ఫోటోలూ సాక్ష్యం పలుకుతున్నాయి. అదే ఇల్లాలికి ఇంట్లో ఏకవస్త్రం లేదా అంటే ఉంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నైటీ, పాలవాడు బెల్లు కొడితే దాని మీదో తువ్వాలు. దానికి మినిమలిజం అని పేరు పెట్టినవారు లేరు.

ఛందస్సు

ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలు. ఈ పద్యం మొత్తంలో వెలది జాడ ఉన్నది ఛందస్సు పేరులోనే.

పాఠాంతరం

టీక ఇక్కడిదాకా వచ్చాక రెండో ప్రతి బయటపడింది. కరెంటు బిల్లు వెనక, బాల్‌పెన్నుతో, వేరే దస్తూరీ. మూడు పాదాలు అక్షరం తేడా లేవు. నాలుగోది మాత్రం ఇలా ఉంది:

బుద్ధి మిగిలెనేని పులుము సబ్బు

మిగిలెనేని = నిజంగా మిగిలిన పక్షంలో. ఇది ప్రక్షిప్తమని, మూలకవి స్వభావానికి విరుద్ధమని వాదించేవారుంటారు. పరిశీలించాం. ఐదూ సూర్యగణాలే. యతి బు, పు. మొదటి ప్రతిలో ఉన్నదే. ‘రుద్దుము’ అంటే ఇంకా బాగుండేది గానీ గణమూ నిలవదు, యతీ నిలవదు. అన్నిటికీ మించి క్త్వార్థక దోషం తీరిపోయింది: సబ్బు పులిమేవాడు, ఉతికేవాడు, ఆరేసేవాడు, తొడిగేవాడు ఇప్పుడు ఒకడే. వ్యాకరణం దృష్ట్యా ఈ పాఠమే గ్రాహ్యం.

రెండో పాదంలో ‘తొడుగును’ ప్రథమపురుష, ఇక్కడ ‘పులుము’ మధ్యమపురుష కదా, పొంతన ఏదీ అని అడగవచ్చు. కోపంలో ఉన్నవాళ్లు ఎదుటిమనిషిని కాసేపు ‘ఆయన’ అని గోడకు చెప్పి, కాసేపటికి నేరుగా తిరగడం లోకంలో ఉన్నదే. గౌరవార్థంలో ‘పులుముడు’ అనవచ్చు కదా అంటే, ఒక లఘువు ఎక్కువై గణం చెడుతుంది. ఏకవచనం ఛందస్సు కోసమే వాడినట్టు భావించాలి.