కాంటా బావ

ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి పడీ పడకముందే వెనక నుంచి ‘ఏం గావాలె?’ అని వినపడితే మీరు మా పెద్దబావ ఇంట్లో ఉన్నట్టు. ఏం కావాలో ముందు చెప్పాలి. ఆ తర్వాత తియ్యాలి, తీసుకోవాలి, మూసెయ్యాలి. తలుపు తెరిచి, చల్లగాలికి మొహం పెట్టి, లోపల ఏముందా అని చూస్తూ నిలబడడం ఆ ఇంట్లో నేరం. ‘తీసి సోంచాయించుడు గాదు బామ్మర్దీ, సోంచాయించి తియ్యి’ అంటాడు.

బోధన్ వాళ్లకు ఈ మనిషి ఎక్కడ తయారయ్యాడో చెప్పనక్కర్లేదు. బావ షక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ కాంటా దగ్గర గుమాస్తాగా చేశాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న మాట చెప్పకుండా బోధనోడు ఎవడూ చుట్టాలతో భోజనం ముగించడు. అప్పట్లో అక్కడ పర్మిట్ వచ్చాకే చెరుకు కొట్టాలి. బండి కాంటా ఎక్కాలి. ముందొచ్చింది ముందు గానుగకు పోవాలి. కొట్టిన చెరుకు ఒకరోజు దాటి ఎండలో నిలబడితే బరువు తగ్గుతుంది, లోపలి చక్కెర విరుగుతుంది, రికవరీ పడిపోతుంది. నూరు కిలోల చెరుకుకు పది కిలోల చక్కెర వస్తే మంచి రికవరీ అని మా పిల్లలకు ఎక్కాల కంటే ముందే నేర్పింది బావే.

2015 డిసెంబర్ 23న ఫ్యాక్టరీకి లేఆఫ్ పడింది. గానుగ ఆగింది గానీ, బావ ఆగలేదు. కొన్నాళ్లు ఇంట్లో ఊరికే కూర్చుని, ఓ పొద్దున లేచి ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ నేల మీద పరిచాడట. ఆ రోజు నుంచి అది ఫ్రిజ్ కాదు, చెరుకు యార్డు.

ప్రతి డబ్బా మీద తెల్ల టేపు, టేపు మీద తేదీ. అదే పర్మిట్. ఆ ఇంట్లో ‘ఇయ్యాల ఏం కూర?’ అని ఎవరూ అక్కను అడగరు, టేపులు చదువుకుంటారు. ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉంటుందని ఆశపడే వయసు మనవడికి మూడేళ్లకే దాటిపోయింది. దాంట్లో వలిచిన అంకాపూర్ మక్క గింజలుంటాయి, టేపుతో సహా. ఓ దసరాకు నేను వెళ్తే పాలకూర పప్పు వడ్డించారు. ఫ్రిజ్‌లో మటన్ ఉందని అక్క కళ్లతోనే చెప్పింది. బావను అడిగితే ‘దాని తారీకు ఎల్లుండి’ అన్నాడు. ఎల్లుండికి నేను నిజామాబాద్‌లో ఉన్నాను, మటన్ బోధన్‌లో ఉంది. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాననుకోండి.

ఇదంతా ఒక ఎత్తు, ఆ తర్వాతది ఇంకో ఎత్తు. 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు మనిషి పళ్లెంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలన్నది. చదివినవాళ్లంతా ‘నిజమే’ అని పేపరు మడిచి పెట్టారు. బావ ఎలక్ట్రానిక్ కాంటా కొన్నాడు. గ్రాముల్లో లెక్క చెప్పే సర్కారు మాట ఎన్నాళ్లకో ఆయన చెవిన పడింది. ఇంట్లో ఐదుగురు, అంటే రోజుకు రెండు కిలోలు, వారానికి 14 కిలోలు. ప్రతి ఆదివారం రైతు బజారు నుంచి 14 కిలోలూ దిగేవి. ఒక్క ఆనిగెపుకాయే ఒక అర మొత్తం పట్టేది.

‘మనం మనుషులమా, బర్లమా?’ అన్నది అక్క.

అడగడంతోనే ఆమె ఆగలేదు. సాయంత్రం బావ అటు నడకకు పోగానే ఇటు సందు చివరి ఇంటి బర్రెకు పుంటికూర, తోటకూర, ముదిరిన బీరకాయలు చేరిపోయేవి. టేపులు మాత్రం జాగ్రత్తగా పీకి చెత్తబుట్టలో వేసేది. ఊళ్లో అంత పోషకాహారం తిన్న బర్రె ఇంకోటి ఉండదు.

అట్లాగని బావకు ఫ్రిజ్ సంగతి తెలియదనలేం. ఉల్లిగడ్డను, ఆలుగడ్డను ఫ్రిజ్ బయట, అదీ వేరువేరు బుట్టల్లో పెట్టాలని మాకు చెప్పింది ఆయనే. పండిన మామిడిని ఆకుకూర పక్కన పెడితే పండు వదిలే గాలికి ఆకు పసుపుబారిపోతుందనీ, పచ్చి మాంసాన్ని కింది అరలో పెడితే దాని నీళ్లు వేరేవాటి మీద కారవనీ ఆయన చెబితేనే విన్నాం. లోపల నాలుగు డిగ్రీలు దాటకుండా చూడ్డానికి ఓ చిన్న థర్మామీటర్ కూడా వేలాడదీశాడు. ఇన్సులిన్‌ను మాత్రం మంచు తగలని చోట పెడతాడు, గడ్డకడితే పనికిరాదని. ఆ ఇన్సులిన్ ఆయనదే. ‘జీతమూ షుగర్‌దే, జబ్బూ షుగర్‌దే’ అని వేరేవాళ్లు అనకముందే తనే అని నవ్వేస్తాడు. తీపికి ఆ యార్డులో పర్మిట్ లేదు. మనవడి పేడాలు బియ్యం డ్రమ్ములో ఉంటాయని అందరికీ తెలుసు. బావకూ తెలుసని నా అనుమానం, బియ్యం డ్రమ్మును ఆయన ఎన్నడూ తూచలేదు.

అసలు గుట్టు పోయిన ఎండాకాలం బయటపడింది. కోడలు పిల్లాణ్ని తీసుకొని తల్లిగారింటికి పోయింది. కూతురి పురుటికి అక్క హైదరాబాద్ పోయింది. ఇంట్లో బావ, డ్యూటీకి పోతే బయటే తినొచ్చే కొడుకు మిగిలారు. ఇద్దరికి వారానికి ఐదు కిలోల ఆరు వందల గ్రాములు. తూకం తప్పలేదు, తేదీలు తప్పలేదు. అక్క వచ్చి తలుపు తీస్తే ఒక్కో అరా చూడముచ్చటగా ఉంది. వెనక వరుసలో కొత్తిమీర నల్లబడింది, బెండకాయలు జిగురెక్కాయి, టమాటలు ముడతపడ్డాయి. ఏ ఒక్కదానికీ కత్తి తగల్లేదు. వంటింటి మూలన అంకాపూర్ నాటుకోడి కూర వచ్చిన ఖాళీ డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి మీద టేపూ లేదు, తారీకూ లేదు.

‘గానుగ మీ అక్కది, కాంటా నాది. నేనెట్ల గానుగ ఆడిస్త?’ అన్నాడు నాతో ఫోన్లో.

అక్క అరవలేదు. ఎవరు తూస్తే వాళ్లే కొయ్యాలె అన్నది, అంతే. ఇల్లు మళ్లీ నిండిన ఆ ఆదివారం 14 కిలోలూ దిగాయి. బావ కత్తిపీట ముందు కూర్చున్నాడు. చిక్కుడుకాయల దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నమైందట. తర్వాతి ఆదివారం సంచి ఏడు కిలోలకు దిగింది.

‘ఏం బావా, 400 గ్రాములు 200 అయిందా?’ అని అడిగాను.

‘నీకు లెక్క రాదు బామ్మర్దీ. పద్నాలుగు తెచ్చి ఏడు తిన్నప్పుడు రికవరీ యాభై. మిగతాది బర్రెకు పోతున్నదని నాకెర్కలేదనుకున్నరా? ఇప్పుడు ఏడు తెస్తున్నం, ఏడు తింటున్నం. రికవరీ నూటికి నూరు. దునియాల ఏ ఫ్యాక్టరీకీ రాలే!’