ఏడాదికి ప్యాకేజీ, నెలకి వాయిదా

వేసవి వచ్చిందంటే మా నర్సీపట్నంలోకి జీడిపిక్కల బస్తాలూ, ఇంజనీరింగు కాలేజీల పీఆర్వోలూ ఒకేసారి దిగుతారు. పిక్కలకి బేరం మనం ఆడాలి. పీఆర్వో తన బేరం తనే ఆడేసుకుంటాడు: బస్సు ఫ్రీ, లాప్‌టాప్ ఫ్రీ, మొదటి ఏడాది హాస్టలు సగం ఫ్రీ. ఇన్ని ఫ్రీలు పోగా ఫీజెందుకు మిగిలిందయ్యా అంటే మాత్రం "మేనేజ్‌మెంటుతో మాట్లాడిస్తానండీ" అంటాడు.

మా అక్క ఇంటికీ ఒకడొచ్చాడు. మేనల్లుడికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిందిగానీ చుట్టాలకి చెప్పుకునేంతది కాదు. లెక్కలొచ్చినవాణ్ణని నన్ను పిలిపించారు. కరపత్రం నిండా పిల్లల ఫోటోలు, ఫోటో కింద ప్యాకేజీ. కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తే ముఖాలు వేరేగానీ కోటూ టై అందరికీ ఒకటే. ఆడపిల్లలక్కూడా అదే టై. స్టూడియోవాడు ఒక కోటు మీద ఊరందరి తలకాయలూ అతికించేశాడు. పైన పన్నెండు లక్షలొచ్చిన పిల్ల అరచేతంత ఉంది, కింద 3.36, 3.6 వచ్చినవాళ్ళు తపాలా బిళ్ళలంత ఉన్నారు. టీసీఎస్‌లోకి మామూలు ఫ్రెషర్‌గా వెళ్ళినవాడికిచ్చేది ఆ 3.36 లక్షలే. పదేళ్ళుగా ఆ అంకె పెద్దగా కదల్లేదు. ఈలోగా మా అబీద్ సెంటర్లో టీ ధర పెరిగింది, గ్లాసు చిన్నదయింది.

"ఏడాదికి మూడు లక్షల ముప్పయ్యారు వేలండీ, లోను వాయిదా నెలకి తొమ్మిది వేలేనండీ" అన్నాడు పీఆర్వో కుర్రాడు.

పిక్కలేరుకుంటున్న అక్క అత్తగారు తలెత్తింది. "ఒకటి ఏడాదికీ, ఇంకోటి నెలకీ సెప్తావేటి బాబూ? రెండూ ఒక కుంచంతోనే కొలువు."

అక్కడితో కుర్రాడికి దాహమేసింది.

ఒక కుంచంతోనే కొలిచాను. బ్యాంకులో నాలుగు లక్షల దాకా తాకట్టూ అడగరు, మార్జినూ అడగరు; ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదు. "కట్టక్కర్లేదు" దగ్గర మా బావగారు వినడం ఆపేశారు. వడ్డీ మాత్రం ఆగదు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళు తీసుకుని, వడ్డీ పది శాతం అనుకుంటే, కట్టడం మొదలయ్యేసరికి నాలుగు లక్షలు కాస్తా అయిదు లక్షల నలభై వేలయి కూర్చుంటాయి. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకి దగ్గర దగ్గర తొమ్మిది వేలు, అంటే ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. ఆ ప్యాకేజీని నెలకి దింపితే 28 వేలు. పీఎఫ్ లాంటివి పోగా చేతికి 24 వేలనుకుందాం. వాయిదాకి తొమ్మిది, హైదరాబాద్‌లో హాస్టలుకి ఓ ఎనిమిది. మిగిలిన ఏడు వేలలోనే ఫోనూ, చొక్కాలూ, ఆదివారం బిర్యానీ, సంక్రాంతికి బస్సు టికెట్టూ. దాంట్లోంచే నెలనెలా ఇంటికి పంపుతాడని బావగారి ఆశ.

"వడ్డీకి ఇన్‌కంటాక్సులో మినహాయింపుందండీ, 80ఈ" అన్నాడు పీఆర్వో, నీళ్ళు తాగొచ్చి. ఉంది. పాత పద్ధతిలో ఎనిమిదేళ్ళ దాకా ఉంది. ఆ జీతానికి పన్నే పడకపోతే మినహాయించేది దేన్ని? 2024 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి సంగతి నేనెత్తాను. ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళకి వడ్డీలో మూడు శాతం తగ్గింపు. అయితే దేశం మొత్తమ్మీద మంచి ర్యాంకులున్న సంస్థలకే అది. మీ కాలేజీ అందులో ఉందా అన్నాను. కుర్రాడికి మళ్ళీ దాహమేసింది. పోనీ ఫీజు రీయింబర్స్‌మెంటో? అది కన్వీనరు సీటుకి. ఇది మేనేజ్‌మెంటు సీటు.

పైగా ఇదంతా ఉద్యోగం వెంటనే దొరికితే. ఆఫర్ లెటరంటే మా నర్సీపట్నం రోడ్డు రైల్వే స్టేషన్లాంటిది. బోర్డు మీద పేరు మనదే, దిగితే ఊరుండదు. బస్సో ఆటోనో పట్టుకుని ఇంకా చాలా దూరం రావాలి. లెటరు చేతిలో పెట్టుకుని జాయినింగ్ మెయిలు కోసం నెలల తరబడి చూసిన పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. బ్యాంకువాడిచ్చిన ఏడాది గడువు ఆ ఎదురుచూపులకే సరి.

2025 ఏప్రిల్లో విశాఖ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కి 99 పైసలకిచ్చేందుకు రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఉద్యోగాలొస్తే మంచిదే, మావాడూ వెళ్తాడు. ఆ వార్త గుర్తొచ్చి బావగారు "సీటుక్కూడా అలాగేమైనా..." అని నసిగారు. పీఆర్వో మర్యాదస్తుడు, వినపడనట్టే ఊరుకున్నాడు.

అప్పుడు బావగారు నా కాగితం లాక్కుని ఆదాయం వైపు అట్టడుగున "ఇతరత్రా: 25" అని రాశారు. పక్కన లక్షలని రాయలేదు. కట్నం 1961 నుంచీ నేరం కదా, అందుకని మా వైపు దాన్ని "ఇతరత్రా" అనే అంటారు. ఇంజనీరింగులో గ్యారంటీ రాబడి అదొక్కటేనని ఆయన నమ్మకం. అక్క ఆ కాగితం తీసుకుని చూసింది. "చంటిదాని చదువుకి కూడా ఇలాగే వెయ్యండి. దానికి ఈ పాతికా ఏ వైపు రాస్తారు?" అంది. చంటిది తొమ్మిదో తరగతి. బావగారు పెన్ను మూత కోసం మంచం కింద చాలాసేపు వెతికారు.

అయినా లోనుకే వెళ్ళారు. మేనల్లుడికి కంప్యూటర్లే కావాలట, వాణ్ణి తప్పు పట్టను. బ్యాంకులో ఆఫీసరు కాగితాలు ముందుకి తోసి, పిల్లాడితో పాటు తండ్రి కూడా అప్పుదారేనండీ, ఇక్కడ సంతకం పెట్టండన్నాడు. అన్నాళ్ళూ అందరి లెక్కల్నీ చేత్తో తోసేసిన బావగారు జేబులోంచి కళ్ళజోడు తీశారు. మొదటి పేజీ నుంచీ వేలు పెట్టి చదివారు.

"నెలకి తొమ్మిది వేలే కదండీ" అన్నాడు ఆఫీసరు.

"నెలకొద్దు బాబూ, ఏడాదికెంతో సెప్పండి" అన్నారు బావగారు.