వీక్ జీరో విద్వాంసుడు

ఇతని పేరుతో మనకు పనిలేదు. వీధికొకడు ఉన్నాడు, ఒకడి పేరు రాస్తే మిగిలినవాళ్లు అలుగుతారు. వయసు ఇరవై అయిదుకీ ముప్పైకీ మధ్య ఎక్కడో. డిగ్రీ అయిపోయి చాలాకాలమైంది, చదువు మాత్రం ఇంకా మొదలు కాబోతూనే ఉంది. మెడలో హెడ్‌ఫోను, చేతిలో ఫోను, చంకలో స్పైరల్ నోటుబుక్కు. ఆ నోటుబుక్కు మొదటి పేజీలో నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీసిన టైంటేబుల్ ఉంటుంది. రెండో పేజీని చూసినవాళ్లు మా బేతంచెర్లలో లేరు.

పొద్దునపూట ఉగ్గాని బండి దగ్గర దొరుకుతాడు. దొరుకుతాడనడం తప్పు, అతనికి మనమే దొరుకుతాం. మిరపకాయ బజ్జీ కొరికి, నోరు భగ్గుమని, మాట పెగలని సమయం చూసుకుని పక్కన వచ్చి కూర్చుంటాడు.

“అన్నా, ఆన్‌లైన్ సదువుతో లాభాలేందో సెప్పనా?”

వద్దనడానికి మనకు నోరాడదు.

చిక్కేమిటంటే, అతను చెప్పేవన్నీ నిజాలే. అబద్ధాలయితే నీళ్లు తాగి లేచిపోవచ్చు. ఒకప్పుడు కంప్యూటర్ కోర్సు నేర్చుకోవాలంటే ఇక్కడి పిల్లలు బ్యాగు సర్దుకుని హైదరాబాద్ అమీర్‌పేటకు పోవాల్సిందే. హాస్టల్ గదిలో నలుగురి మధ్య పడుకుని, నీళ్ల సాంబారు తిని, కోర్సు ఫీజు కంటే గది అద్దె ఎక్కువ కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ఐఐటీ ప్రొఫెసర్లే ఫోన్లోకి దిగివస్తున్నారు. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ పేరుతో ఈ పాఠాలు మొదలుపెట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ తెచ్చింది. కోర్సులో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. మద్రాసు ఐఐటీ అయితే జేఈఈ గడప తొక్కనివాళ్లకు కూడా డేటా సైన్స్‌లో బీఎస్ డిగ్రీ ఇంటి నుంచే చదువుకునే దారి తెరిచింది. పరీక్షలకు మాత్రం కేంద్రానికి పోయి కూర్చోవాలి. ఇదంతా మనవాడికి కంఠతా వచ్చు. ఆన్‌లైన్ చదువు గురించి చదివినంతగా అతను ఆన్‌లైన్లో ఇంకేదీ చదవలేదు.

ఈ కోర్సుల్లో మొదటి వారానికి ముందు ‘వీక్ జీరో’ అని ఒకటి ఉంటుంది. గురువుగారు తనను పరిచయం చేసుకుని, ముందు ముందు ఏమేం చెప్పబోతున్నారో నవ్వుతూ చెబుతారు. మనవాడి పాండిత్యమంతా అక్కడే. పైథాన్‌లో వీక్ జీరో, డేటా సైన్స్‌లో వీక్ జీరో, జర్మన్‌లో వీక్ జీరో. పుట్టగొడుగుల పెంపకంలోనూ ప్రవేశం ఉంది, ప్రవేశం వరకే. జర్మన్‌లో చేరిన మర్నాడు నాపరాళ్ల లారీ డ్రైవరుకు ‘గూటెన్ మోర్గెన్’ అన్నాడు. ఆయన కాటా చీటీ అడుగుతున్నాడనుకుని జేబులోంచి తీసి చేతిలో పెట్టాడు.

పాఠాలు రాకపోయినా నియమాలు క్షుణ్ణంగా వచ్చు. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికేట్ కావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 వస్తే చాలు. పన్నెండు వారాల కోర్సయితే బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి పడినా పిల్లలు నష్టపోకూడదని ఎవరో దయగల పంతులు ఆలోచించి పెట్టిన వెసులుబాటు అది. మనవాడు ఆ నాలుగింటినీ మొదటి నెలలోనే వాడేసుకుంటాడు. అయిదో వారం గడువు రోజు రాత్రి 11.58కి లాగిన్ అవుతాడు. గడువు 11.59. ఆ నిమిషంలో తెర మీద తిరుగుతూ ఉండిపోయిన తెల్ల చక్రం వల్ల దేశం ఒక డేటా సైంటిస్టును పోగొట్టుకుందని మర్నాడు ఉగ్గాని బండి దగ్గర ప్రకటన వస్తుంది.

వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాయవచ్చు కదా అని ఎవరైనా అంటే అతనిలోని వేదాంతి మేలుకుంటాడు. “సర్టిఫికేట్ కోసమా అన్నా సదువుకునేది? జ్ఞానం కోసం గదా!”

ఇతన్ని మా ఊరి వింతగా లెక్కేసి చిన్నచూపు చూడకండి. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు ‘మూక్’లనే ఇలాంటి ఆన్‌లైన్ కోర్సులు తెరిచినప్పుడు న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2012ను ఏకంగా ‘మూక్‌ల సంవత్సరం’ అంది. లక్షల మంది ఎగబడి చేరారు. ఆఖరు వారం దాకా నిలిచినవాళ్లు కొద్దిమందేనని తర్వాత తేలింది. అంటే మనవాడు అంతర్జాతీయ స్థాయి మనిషి. కాకపోతే బోస్టన్‌లో అతని జోడీకి జేజి లేదు.

జేజి సంగతి చెప్పాలి. మంచం మీద కూర్చుని వక్కాకు దంచుకుంటూ ఆమె మనవడి చదువును గమనిస్తూనే ఉంటుంది. మొదటిరోజు మనవడు ఫోను చూపించి, “జేజీ, ఈయప్ప మద్రాసు ఐఐటీలో పెద్ద పంతులు. మనింటికొచ్చి సదువు సెప్తాండాడు” అన్నాడు.

“అట్లనా! కాఫీ ఏమన్నా ఇయ్యాల్నా?”

తెరను వేలితో తాకి పంతుల్ని ఆపేసి మనవడు టీ తాగడానికి బయటికి పోయాడు. నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లో ఉంచి ఆగిపోయిన ప్రొఫెసర్‌ను ఆమె చాలాసేపు చూసింది. మనవడు మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. అప్పటికీ ఆయన అట్లాగే ఉన్నాడు. “మాట మద్దెలో ఆపేస్తివే, పాపం! ఆయప్పకు పెండ్లాం బిడ్డలు లేరా?” అని తిట్టింది. ఆ తిట్లు పడలేక మనవడు రెట్టింపు వేగంతో పాఠం నడిపించాడు. గంట పాఠాన్ని అరగంటలో వినేయవచ్చునన్నది అతని లాభాల జాబితాలో మూడోది. ప్రొఫెసర్ గొంతు పిచ్చుక గొంతైంది. “ఆపినందుకు కోపమొచ్చినట్లుండాది” అంది జేజి.

అదే ఇంట్లో చిన్నాయన ఒకాయన ఉన్నాడు. పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా లెక్కలు రాస్తూనే డిగ్రీ చేశాడు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే: 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై, తర్వాత అంబేద్కర్ పేరుతో నిలిచింది. దూరం నుంచి చదవడం ఫోన్లతో పుట్టిన విద్య కాదు. చిన్నాయనకు పుస్తకాలొచ్చేవి, ఆదివారం ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసులుండేవి. మనవాడు ఆయన్ని జాలిగా చూస్తాడు. “అప్పట్లో మీకు ఇన్ని సౌకర్యాలు లేవు గద చిన్నాయనా.” ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని, “లేకుండ్య నాయనా. దాంతో సదవాల్సి వచ్చె” అంటాడు.

ఇంతకీ మనవాడి చదువు సాగకపోవడానికి కారణం మనవాడు కాదు, శబ్దం. ఎర్రమల కొండల నడుమ ఉన్న ఊరు మాది. పటంలో చూస్తే ఏ సాధువో తపస్సు చేసుకోవడానికి ఎంచుకున్న లోయలాగే ఉంటుంది. ఆ కొండల కింద దేవుడు నాపరాయిని పొరలు పొరలుగా పేర్చిపెట్టాడు. మీరు ఇప్పుడు కాలు పెట్టుకున్న బండ మా ఊరిదే కావచ్చు. అది మీ ఇంటికి రావాలంటే ఇక్కడ కొయ్యాలి, అంచులు తియ్యాలి, పాలిష్ పట్టాలి. ఆ కటింగ్ మిషన్ల రొదలో పుట్టిన పిల్లలకు జోలపాట వేరే పాడనక్కర్లేదు. మనవాడూ ఆ రొదలో ఇరవై ఏళ్లు సుఖంగా నిద్రపోయినవాడే. వీక్ జీరో దాటాల్సి వచ్చినప్పటి నుంచే అది చెవులకు సోకింది.

కరెంటు పోతే మిషన్లు ఆగుతాయి, ఊరంతా నిశ్శబ్దం. కానీ కరెంటుతో పాటే వైఫై కూడా పోతుంది. విధి తనతో ఇట్లా చదరంగం ఆడుతోందంటాడు. ఎదురింటి ఫ్యాక్టరీలో ఒక కుర్రాడున్నాడు, ఏడో తరగతితో బడి మానేశాడు. మిషన్ పక్కనే గోడకు ఫోను ఆనించి, కాలిపోయిన మోటారుకు వైండింగ్ చుట్టడం యూట్యూబ్‌లో చూసి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు నాలుగు ఫ్యాక్టరీలవాళ్లు అతన్నే పిలుస్తారు. ఆన్‌లైన్ చదువు లాభాలేమిటని అడిగితే, “నాకు సదువు రాదు సార్” అన్నాడు. మనవాడి లాభాల జాబితాలో ఆ కుర్రాడు లేడు, అతనిది కోర్సు కాదట.

ఈ రొదలో చదువు సాగదు కాబట్టి మనవాడికి ప్రశాంతమైన కొండలోయ కావాలి. వెతుకులాట బిల్లసర్గం గుహలతో మొదలైంది, ఊరికి దగ్గర గనుక. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపిన గుహలవి. అక్కడ దొరికిన ఎముకలను పరీక్షించిన లైడెక్కర్, ఎప్పుడో అంతరించిన ఒక ఖడ్గమృగానికి మా కర్నూలు పేరు కలిపి పెట్టాడు. మా పాత జిల్లా పేరు ప్రపంచానికి ఎక్కించిన ఆ జంతువుకు మేము ఇంతవరకూ ఒక విగ్రహమైనా పెట్టుకోలేదు, అది వేరే సంగతి. అక్కడి గుహల్లో ఒకదానికి దొరలు ‘పర్గేటరీ’ అని పేరు పెట్టారు. స్వర్గానికి పోక, నరకానికీ పోక మధ్యలో ఆగిన ఆత్మలుండే చోటట. కోర్సులో చేరి, పూర్తి చెయ్యక, మానెయ్యకా ఉన్నవాడికి ఇంతకంటే తగిన స్టడీ రూము భూమ్మీద ఉండదనిపించింది. కానీ మనవాడు గంటలోనే తిరిగొచ్చాడు. గబ్బిలాలున్నాయట. వాటి నిశ్శబ్దం బాగాలేదట.

తర్వాత అహోబిలం. “నల్లమల అన్నా! నరసింహస్వామి అంతటోడే మనశ్శాంతి కోసం ఆడికొచ్చినాడు” అని నన్ను కూడా లాక్కుపోయాడు. స్వామి అక్కడికి వచ్చిన పని వేరే అని చెప్పబోయి ఊరుకున్నాను. బేతంచెర్ల నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, అక్కడ బస్సు మారి అహోబిలం. దారి పొడవునా ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది. పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవయ్యా అన్నాను. “ఆడికి పోయినాక నిమ్మళంగా సేసుకుంటా” అని, ఏకాగ్రత పెంచుకోవడం ఎలా అన్న రీల్స్ ఆళ్లగడ్డ దాకా చూశాడు. ఒక్కొక్కటి ముప్పై సెకన్లు. ఏ ఒక్కటీ చివరిదాకా చూడలేదు.

ఎగువ అహోబిలంలో బస్సు దిగాం. నిజం చెప్పాలంటే అక్కడ నా నోరు కూడా మూతపడింది. రెండువైపులా ఎర్రటి కొండగోడలు, నడుమ భవనాశిని, నీటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంత నిశ్శబ్దం ఊరికే దొరుకుతుందని మనవాడూ అనుకోలేదు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, నోటుబుక్కు తీసి, ఫోను తెరిచాడు. సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేవు. ఫోను పైకెత్తి, చెయ్యి చాపి, బండల మీదికెక్కి, అన్ని దిక్కులకూ చూపించాడు. ఎవరో హారతి ఇస్తున్నారనుకుని ఒక ముసలమ్మ కళ్లకద్దుకుంది. నోటుబుక్కులో తినే వస్తువేదో ఉందనుకున్న కోతి ఒకటి దాన్ని లాక్కుపోయి కొమ్మ మీద కూర్చుని మొదటి పేజీ తిప్పింది. బేతంచెర్లవాళ్లకు దక్కని రెండో పేజీ దర్శనం దానికి దక్కింది. ఏమీ లేదు కాబోలు, పారేసింది.

పైన సిగ్నల్ వస్తుందని ఎవరో అన్నారు. కర్రల సాయంతో ఎక్కుతూ, దిగుతూ, ఒక ముసలి దారిచూపరి వెంట ప్రహ్లాద బడి దాకా పోయాం. చిన్న రాతి గుహ. ప్రహ్లాదుడు చదువుకున్న చోటు ఇదేనని, రాళ్ల మీది గీతలు ఆ పిల్లవాడి రాతలేనని భక్తుల నమ్మకం. ప్రశాంతమైన కొండలోయలో చదువు అనే ఆలోచన హిరణ్యకశిపుడికే ముందు వచ్చిందన్నమాట. ఇద్దరు గురువులు, చండుడు, అమర్కుడు. ఫీజు సంగతి ఏ పురాణమూ చెప్పలేదు.

మనవాడి మొహం వెలిగిపోయింది. “సూసినావా అన్నా! ప్రహ్లాదుడు గూడా సిలబస్ పూర్తి సెయ్యలేదు. ఆయప్పకు జ్ఞానమే ముఖ్యం.”

దారిచూపరి కర్ర ఆనించి కూర్చుని బీడీ వెతుక్కుంటున్నాడు. “సెయ్యకపోవడమేంది సామీ! అయ్యవార్లు సెప్పిందంతా నేర్సుకున్యాడు. అదంతా అయినాకనే గదా, హరి ఎక్కువన్యాడు. నాయన అడిగితే బదులు సెప్పినాడు గానీ, సిగ్నల్ లేదన్యాడా?”

దిగేటప్పుడు మనవాడు ఎక్కువ మాట్లాడలేదు. ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగాక కోలుకున్నాడు. అహోబిలంలో లోపమేమిటో నంద్యాల చేరేలోపు కనిపెట్టేశాడు: చలి లేదు. మెదడు పనిచెయ్యాలంటే చలి ఉండాలట. అరకులోయ మీద పద్ధెనిమిది వీడియోలు వాచ్ లేటర్‌లో పెట్టుకున్నాడు. విశాఖ నుంచి కిరండూల్ పోయే రైలు పట్టుకుంటే కొండలన్నీ కిటికీలోంచే చూసుకుంటూ పోవచ్చు. దారిలో వరసగా సొరంగాలొస్తాయని, అక్కడ ఫోను పనిచెయ్యకపోవచ్చని చెప్పాను. “అబ్బ, ప్రశాంతంగా ఉంటాది” అన్నాడు.

ఇంటికి రాగానే ఖర్చులకు జేజిని అడిగాడు. ఆమె చెంగు ముడి విప్పి అయిదొందల నోటు తీసింది. ఇచ్చేముందు మంచం మీద ఉన్న ఫోను వైపు చూసింది. ఛార్జింగ్‌కు పెట్టిన ఆ తెర మీద ప్రొఫెసర్ చెయ్యి మళ్లీ గాల్లోనే ఆగి ఉంది.

“పోయేటప్పుడు ఆ పంతుల్ని గూడా తోడుకోని పో. పాపం, ఆయప్పకైనా గాలి మారతాది.”