తీగ–గాలి పద్యం: టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

తెరకు పెట్టెకెపుడు తీగయే కావలె
చేతి ఫోనుకైతె చెలిమి గాలి
కదలనట్టి దాని కట్టుము తీగతో
తిరుగుదానికేల తీగ గోల

ప్రతిపదార్థం

తెరకు = టీవీకి (ప్రొజెక్టరు ఉన్న ఇంట్లో ఈ మాట ప్రొజెక్టరుకే అన్వయిస్తుంది; గోడకు వేలాడే తెల్లగుడ్డకు తీగతో పనిలేదు); పెట్టెకు = సెట్‌టాప్ బాక్సు, గేమ్ కన్సోలు, ఏవీ రిసీవరు, సౌండ్‌బారు మొదలైనవాటికి (జాత్యేకవచనం); ఎపుడు = ఎల్లవేళలా, అనగా ‘అన్నీ వైర్‌లెస్సే’ అని షాపువాడు ఊదరగొట్టినప్పుడు సైతం; తీగయే కావలె = వైరే ఉండాలి; చేతి ఫోనుకైతె = చేతిలో ఉండే ఫోను విషయంలోనైతే (‘ఫోను’ అన్యదేశ్యం, వాడుకలో స్థిరపడింది కనుక దోషం లేదు); చెలిమి = స్నేహితం, పెళ్లి కాదని భావం; గాలి = వైఫై, బ్లూటూత్ (రేడియో తరంగాలు శూన్యంలోనూ పోతాయి, వాటికి గాలి అక్కర్లేదు; కవి లోకరీతిని బట్టి అన్నాడు); కదలనట్టి దాని = ఉన్నచోటనే ఉండేదానిని; తీగతో కట్టుము = వైరుతో కలుపుము; తిరుగుదానికి = గది గదికీ తిరిగేదానికి; తీగ గోల = వైరు వల్ల కలిగే రభస; ఏల = ఎందుకు?

తాత్పర్యం

ఒకచోట పాతుకుని ఉండే టీవీ, పెట్టెలు, స్పీకర్లను ఒకదానితో ఒకటి వైరుతోనే కలపాలి. మనిషి వెంట తిరిగే ఫోనును గాలిలో కలిపితే చాలు. వైరు గొప్పదా, వైర్‌లెస్ గొప్పదా అనే తగాదాలోకి కవి దిగలేదు. వస్తువు కదిలేదా, కదలనిదా అని మాత్రమే అడిగాడు. ఆస్తుల దస్తావేజుల్లో ఉన్నట్టే స్థావరానికి ఒక విధి, జంగమానికి ఒక విధి.

విశేషాలు

‘తీగయే’ అనే అవధారణం ఎందుకు పడిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. అటువంటి బొమ్మలు సెకనుకు 60. గుణిస్తే సెకనుకు సుమారు 1194 కోట్ల బిట్లు తేలుతాయి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 1800 కోట్ల బిట్లు, 2017 నాటి 2.1 అయితే 4800 కోట్ల బిట్లు మోస్తాయి. రూటరు అట్టపెట్టె మీద ఎంత పెద్ద అంకె అచ్చువేసినా, రెండు గోడలు దాటాక ఈ 1194 కోట్లలో పదోవంతు మిగలడమే గొప్ప.

ఇక్కడ పూర్వపక్షం: వైఫై మీద 4కె సినిమాలు రోజూ చక్కగా నడుస్తున్నాయి కదా, లెక్క తప్పా? తప్పు కాదు. ఇంటర్నెట్ నుంచి దిగే సినిమా బాగా కుదించి పంపినది, దానికి సెకనుకు ఒకటిన్నర నుంచి రెండున్నర కోట్ల బిట్లు చాలు. దాన్ని విప్పే పని టీవీ లోపలో పెట్టె లోపలో జరుగుతుంది. పెట్టెలో విప్పితే, విప్పిన బొమ్మను టీవీకి చేర్చడం హెచ్‌డీఎంఐ వంతు. కాబట్టి యాప్‌లు తనలోనే ఉన్న టీవీకి వైఫై సరిపోతుంది. ‘ఎపుడు’ అన్నది ఆ మేరకు అతిశయోక్తి. అయినా టీవీ స్థావరమే గనుక రూటరు నుంచి లాన్ వైరు లాగితే, గాలిలో ఆ మేరకు ఫోన్లకు చోటు దొరుకుతుంది. ఒక చమత్కారం ఏమిటంటే, చాలా టీవీల్లో లాన్ రంధ్రం సెకనుకు 10 కోట్ల బిట్లకు మించి తీసుకోదు. కొలిచి చూసి వైఫైయే వేగమని వైరు పీకేసేవారున్నారు. సినిమాకు కావలసింది రెండున్నర కోట్లే అయినప్పుడు, అంకె పెద్దదా కాదా అన్నదానికంటే అది నిలకడగా వస్తున్నదా లేదా అన్నదే ముఖ్యం.

హెచ్‌డీఎంఐ తీగకూ హద్దు ఉంది. రాగితో చేసిన మామూలు కేబుల్ 4కె బొమ్మను అయిదు మీటర్ల వరకు నమ్మకంగా తీసుకుపోతుంది. ఆపైన తెర మిణుకుమంటుంది, చుక్కలు రాలుతాయి, ఒక్కోసారి బొమ్మే రాదు. హాలులో ప్రొజెక్టరు పెట్టి పది పదిహేను మీటర్లు లాగేవారు లోపల గాజుపోగులున్న యాక్టివ్ ఆప్టికల్ కేబుల్ కొనాలి. దానికి దిక్కు ఉంటుంది: ఒక తల పెట్టె వైపు, రెండోది తెర వైపు అని రాసి ఉంటుంది. గోడలోని పైపులో తలకిందులుగా లాగి, పైన పుట్టీ, రంగు పూర్తయ్యాక టీవీ ఆన్ చేసి చూసిన ఇంటాయన ముఖం వర్ణించడానికి ఆటవెలది చాలదు.

బొమ్మ పోయే తీగలోనే ధ్వని వెనక్కి కూడా వస్తుంది. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ ఏర్పాటు వల్ల టీవీలో పుట్టిన శబ్దం అదే వైరు మీద సౌండ్‌బారుకో రిసీవరుకో చేరుతుంది. టీవీ వెనక నాలుగు రంధ్రాలున్నా మామూలుగా ఒక్కదానికే ఈ గుణం ఉంటుంది, దాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. కొత్త సౌండ్‌బారు మూగదని తిరిగి పంపేముందు ఆ రాత చూడడం మంచిది. తర్వాత వచ్చిన ఈఏఆర్‌సీ కుదించని బహుళ చానళ్ల ధ్వనిని కూడా మోస్తుంది. 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్ తీగ దీనికి పెద్దక్క. రెండు చానళ్ల ధ్వనిని ఉన్నదున్నట్టుగా, 5.1 ధ్వనిని కుదించి పంపుతుంది, అంతకుమించి దాని వల్ల కాదు. అందులో పోయేది వెలుగే తప్ప కరెంటు కాదు. ఆ సుగుణం నాలుగో పాదం దగ్గర పనికొస్తుంది.

రెండో పాదంలో ‘చెలిమి’ అనే మాట మీద వ్యాఖ్యాత కాస్త ఎక్కువసేపు నిలవక తప్పదు. బ్లూటూత్ పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బిరుదు. డేన్లను ఏకం చేసిన రాజు పేరు గనుక పరికరాలను కలిపే పద్ధతికి తగిందని పెట్టారు. అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. ఒక చానల్లో అడ్డు తగిలితే ఇంకోదాంట్లో తప్పించుకోవడానికే ఆ గెంతులు. సీడీ సంగీతం సెకనుకు 14 లక్షల బిట్లు కాగా, అన్ని పరికరాలకూ తెలిసిన ఎస్‌బీసీ పద్ధతి దాన్ని మూడు లక్షల చిల్లరకు కుదిస్తుంది. సోనీ వారి ఎల్‌డీఏసీ 9.9 లక్షల దాకా పోతుంది. శ్రోతలు తగవులాడుకునేది ఈ అంకెల మీదే. వంటింట్లో పోపు చిటపటల మధ్య వినే పాటకు ఈ తేడా పట్టదు. బ్లూటూత్ అసలు లోపం స్వరంలో లేదు, కాలంలో ఉంది.

కుదించడానికి, పంపడానికి, అవతల కొంత పోగుచేసుకుని విప్పడానికి సెకనులో పదోవంతు నుంచి పావువంతు దాకా పడుతుంది. పాట ఒక్కటే అయితే పావు సెకను ఆలస్యంగా మొదలైందని ఎవరికీ తెలియదు. సినిమాలో మాత్రం పెదవి ముందు కదిలి మాట తర్వాత వస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పట్టేస్తాడు, వెనకబడితే 125 దాకా పట్టలేడు. ఈ పక్షపాతానికి కారణం ప్రకృతిలోనే ఉంది: వెలుగు ముందు, శబ్దం వెనక. చాకిరేవులో బట్ట బండమీద పడడం కనిపించాకే దెబ్బ వినిపిస్తుంది. 125 మిల్లీసెకన్లంటే 43 మీటర్ల దూరంలోని రేవు. బ్లూటూత్ స్పీకరు తగిలించిన టీవీ ముందు కూర్చున్నవాడు సోఫాలో ఉండి అంత దూరం నుంచో, అంతకంటే దూరం నుంచో సినిమా చూస్తున్నట్టు లెక్క.

టీవీ సెట్టింగుల్లో ఏవీ సింక్ అనే మీట ఉంది కదా అని ఒక శంక. చాలా టీవీల్లో ఆ మీట శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టగలదు తప్ప ముందుకు లాగలేదు. ఆలస్యమైపోయిన శబ్దానికి అది పనికిరాదు. ఫోనులో సినిమా యాప్‌లు ఆలస్యాన్ని లెక్కగట్టి బొమ్మనే ఆపి ఉంచుతాయి, అందుకే ఇయర్‌బడ్స్‌తో ఫోనులో చూస్తే తేడా తెలియదు. ఆటలకు ఆ ఉపాయం సాగదు. మీట నొక్కాక ఏం జరగాలో ఆటకు ముందే తెలియదు గనుక, పిల్లల గేమ్ కన్సోలుకు బ్లూటూత్ హెడ్‌ఫోను కొనడం అంటే ఓటమిని కొనిపెట్టడమే.

ఫోనులోని సినిమాను టీవీ మీదికి పంపే పద్ధతులు రెండున్నాయి, వీటిని జనం ఒకటే అనుకుంటారు. మిర్రరింగ్‌లో ఫోను తెర మీది బొమ్మంతా అప్పటికప్పుడు కుదించుకుని గాలిలో టీవీకి పోతుంది. ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, మధ్యలో వచ్చిన వాట్సాప్ సందేశం బంధువులందరి ఎదుట తెరకెక్కుతుంది. కాస్టింగ్‌లో ఫోను కేవలం చిరునామా చెబుతుంది, టీవీ తానే ఇంటర్నెట్ నుంచి సినిమా తెచ్చుకుంటుంది. ఫోను పట్టుకున్నవాడు పాల పాకెట్టు కోసం వీధిలోకి పోయినా సినిమా ఆగదు. ‘చెలిమి’కి సరైన ఉదాహరణ ఈ రెండోదే.

‘గాలి’ విషయంలో గోడలను తలచుకోవాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్‌లో విస్తారమైన భాగాన్ని 2018లోనూ వదిలారు. మొదటిది గోడలు బాగా దాటుతుంది గానీ అపార్టుమెంటులో అందరి రూటర్లూ అక్కడే కిక్కిరిసి ఉంటాయి, మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 దగ్గరే మండుతుంది. రెండోది ఖాళీగా, వేగంగా ఉంటుంది, ఇటుక గోడ ఎదురైతే నీరసపడుతుంది. 1890ల్లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్‌హాలులో తరంగాలను గోడలు దాటించి గంట మోగించాడు. గోడ సంగతి అది. ఇనప బీరువా సంగతి వేరు; లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, పెద్ద నిలువుటద్దం కూడా అంతే. పడకగదిలో వైఫై రాదని రూటరు మార్చేముందు మధ్యలో బీరువా ఉందేమో చూడాలి.

మూడో పాదం స్పీకర్ల గురించి. ‘కట్టుము’ అన్న విధి వెనక వైర్‌లెస్ స్పీకర్ల గుట్టు ఉంది: బ్యాటరీది కాకపోతే ప్రతి వైర్‌లెస్ స్పీకరుకూ కరెంటు వైరు ఉండి తీరాలి. వెనక స్పీకరుకు ధ్వని తీగ తప్పించుకున్నవాడు అక్కడికో ప్లగ్ పాయింటు పెట్టించుకోవాలి, అంటే ఎలక్ట్రీషియన్ ఎటూ గోడ కొడతాడు. మామూలు స్పీకరుకు రెండు పోగుల రాగి వైరు ఒక్కటే చాలు. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రానూపోనూ పావు ఓమ్ నిరోధం చూపుతుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు అది మూడు శాతం, లెక్కలోకి రాదు. నాలుగు ఓమ్‌ల స్పీకరైతే 2.5 మిల్లీమీటర్లది వేసుకోవాలి. అంతకు మించి వేలు పోసి కొనే తీగలు చెవికంటే కంటికి ఎక్కువ ఆనందమిస్తాయి. హెచ్‌డీఎంఐకీ ఇదే వర్తిస్తుంది: బిట్లు చేరితే చేరినట్టు, బంగారు పూత వేసినంతమాత్రాన రంగులు చిక్కబడవు. చవకదనం వైపు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చూపుకు రాగిలాగే ఉంటుంది, నిరోధం ఒకటిన్నర రెట్లు. ఎరుపు గీత ఉన్న పోగును రెండు చివరలా ఎరుపు బిగింపుకే పెట్టాలి. ఒక స్పీకరుకు తారుమారైతే రెండూ ఒకదాని బేస్‌ను మరొకటి మింగేస్తాయి.

విధికి అపవాదం సబ్‌వూఫరు. అది స్థావరమే, అయినా తీగరాహిత్యం దానికి నప్పుతుంది. గుమ్మని మోగే మంద్ర స్వరాలు ఎటునుంచి వస్తున్నాయో చెవి గుర్తించదు గనుక దాన్ని గదిలో ఏ మూలైనా పెట్టుకోవచ్చు. దాని ట్రాన్స్‌మిటరు ఆలస్యం స్వల్పం, స్థిరం. రిసీవరు మిగతా స్పీకర్లను ఆ కాస్త ఆపి సరిచేస్తుంది.

నాలుగో పాదంలోని ‘గోల’ను రభస అనే అర్థంలోనే కాక, శబ్దమనే అర్థంలోనూ గ్రహించాలి. తీగలు నిజంగానే గోల చేస్తాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాని వైరు పక్కనే ఆడియో వైరు సమాంతరంగా పోతే ఆ ఊపు స్పీకర్లలో గుంయ్‌మని వినిపిస్తుంది. అందుకని రెండింటికీ వేర్వేరు పైపులు వేయాలి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి. కేబుల్ టీవీ తీగకు ఒకచోట, రిసీవరుకు మరోచోట ఎర్తు అయినప్పుడు కూడా ఇదే గుంయ్ పుడుతుంది. అన్ని పెట్టెలనూ ఒకే బోర్డులో గుచ్చితే చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే టీవీకి, రిసీవరుకు మధ్య కరెంటు మోయని ఆ ఆప్టికల్ తీగ వేసి చూడాలి.

తీగ పోవలసిన పైపు స్లాబు పోసే రోజునో, ప్లాస్టరింగుకు ముందో పడాలి. 20 మిల్లీమీటర్ల పైపులో హెచ్‌డీఎంఐ తల వంపు దగ్గరే ఆగిపోతుంది. 40 మిల్లీమీటర్లది వేసి, లోపల లాగుడు తీగ ఒకటి వదిలిపెడితే రేపటి కేబుల్‌ కూడా అందులోనే దూరుతుంది.

అద్దె ఇళ్లవారికి ఈ పద్యం ఎలా అన్వయిస్తుందన్నది కడపటి శంక. 11 నెలల అగ్రిమెంటు మీద ఉన్నవాడి టీవీ కదలనిదా, తిరిగేదా? గోడ ఇంటాయనది, మేకుకు కూడా అనుమతి కావాలి. ఇటువంటి చోట ‘కట్టుము’ అన్నది గోడను కొట్టమన్న అర్థంలో కాక, జిగురు అంటించిన కేసింగ్ పట్టీలో చదును వైరు పెట్టమన్న అర్థంలో తీసుకోవాలి. టీవీ, పెట్టె, సౌండ్‌బారు ఒకే బల్ల మీద ఉంటే మీటరున్నర వైర్లతో పనైపోతుంది. వెనక స్పీకర్ల దగ్గర మాత్రం ప్లగ్ పాయింటు ఉన్న గోడ చూసుకుని వైర్‌లెస్‌కు ఒప్పుకోవచ్చు.