తాళి కడితే తప్పు లేదు

మన ఆంధ్రదేశంలో పదహారేళ్ల పిల్ల కడుపుతో ఉండటం తప్పేమీ కాదండీ. గాజులు తొడిగి శ్రీమంతం చేస్తాం, వీధి వీధంతా వెళ్లి పులిహోర తిని వస్తాం. తప్పల్లా ఒక్కటే. కడుపు రాకుండా ఏం చేయాలని ఆ వయసు పిల్ల నోరు తెరిచి అడగడం. అదీ అమ్మానాన్నలకు తెలియకుండా! సంస్కృతి మంటగలిసిపోదూ?

ఇది గిట్టనివాళ్ల మాట కాదు, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తమ్మీద చూస్తే 6.8 శాతమే. 20-24 ఏళ్ల వాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే మెడలో పుస్తె పడింది. ఏదో ఒకదాంట్లో దేశాన్ని దాటేశాం, సంతోషం.

ఇక పుస్తె పడని పిల్ల సంగతి. సర్కారు ఆమెను మరిచిపోలేదు. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు పెళ్లితో పని లేకుండా గుట్టుగా సలహా ఇవ్వాలని 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పెట్టింది. ఆ గుట్టు ఎలా ఉంటుందంటే, ఓపీ చీటీ దగ్గర పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు చెప్పాలి. బీపీ మాత్రలకొచ్చిన పక్కింటి పిన్నిగారు బెంచీ మీద సిద్ధంగా ఉంటారు. లోపల్నుంచి సిస్టరమ్మ కేక: "పెళ్లయిందా? కాలేదా? మరి ఇక్కడేం పని? పోయి మీ అమ్మను తీసుకురా!" పిన్నిగారు మాత్రలు కూడా తీసుకోకుండా లేచి వెళ్లిపోతారు. ఊళ్లో ఆవిడకు అర్జెంటు పని పడింది.

పోనీ డాక్టరును తిడదామా అంటే, ఆయన భయం ఆయనది. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం లెక్కలో పద్దెనిమిదికి ఒక్కరోజు తక్కువైనా ఇష్టం అనే మాటే లేదు. 19వ సెక్షను ప్రకారం నేరం సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఆ ఎవరైనాలో ఆ పిల్ల కూడా ఉంది! శిక్ష మాత్రం దయతలచి ఆమెకు మినహాయించారు. డాక్టరుకు ఆ దయ లేదు. నోరు మూసుకుంటే ఆరు నెలల దాకా జైలు. గర్భస్రావం కావాలంటే 1971 చట్టం ప్రకారం సంరక్షకుల సంతకం ఉండాలి. సంతకం పెట్టాల్సిన చెయ్యే తప్పు చేసిన చెయ్యి అయిన ఇళ్లూ ఉన్నాయి మరి.

పిల్లా, సంరక్షకులూ కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకు పేరూ వివరాలూ చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. మన స్టేషన్లలో ఎంతమంది ఎస్సైలు చదివారో!

ఇంకో తీర్పు సంగతి శ్రీమంతం పెద్దలకు చెప్పొద్దు, పులిహోర అరగదు. భార్యే అయినా పద్దెనిమిది నిండకపోతే అత్యాచారమేనని 2017లో అదే కోర్టు తేల్చింది. అయినా ఏం భయం లేదు. "ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయాం సార్" అంటే చాలు, కాన్పుల వార్డు గడప దాటేలోపు పదహారేళ్ల పిల్లకు పందొమ్మిది నిండుతాయి.

నిజంగా గుట్టు కాపాడేది మెడికల్ షాపు నల్ల కవరొక్కటే. కడుపు రాకుండా వేసుకునే 72 గంటల మాత్రకు 2005 నుంచీ డాక్టరు చీటీ అక్కర్లేదు. గర్భస్రావం మాత్రలకు చీటీ ఉండి తీరాలి, అయినా దొరుకుతాయి. ఎన్నో వారమని షాపువాడు అడగడు. స్కాను లేదు, డాక్టరు లేడు. రక్తస్రావం ఆగకపోతే ఎక్కడికి పరిగెత్తాలో కవరు మీద రాసి ఉండదు. హాస్టల్ బాత్‌రూమ్‌లో, తలుపు గడియ పెట్టుకుని, పంటి బిగువున ఆ పిల్ల కాపాడుతున్నది మన పరువునే.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మందికీ ఒక విన్నపం. పోక్సో 19వ సెక్షనుకు ఒక్క మినహాయింపు అడగండి. బలవంతం చేసిన చోటికి, పెద్దవాడు పిల్లను వలలో వేసుకున్న చోటికి పోలీసు రావాల్సిందే. ఈడూజోడూ పిల్లలు ఇష్టపడిన చోట మాత్రం, సలహా కోసం వచ్చిన పిల్ల గుట్టు డాక్టరు దగ్గరే ఉండనివ్వండి.