అడాప్టర్ల బాబాయి

తెలుగువారి బంధువర్గంలో అడాప్టర్ల బాబాయి అనే రకం ఒకటి ఉన్నది. ఇతడు వరసకు బాబాయే కానక్కరలేదు. మేనమామ కావచ్చు, పెద్ద బావగారు కావచ్చు, పై వాటాలో ఉండే రిటైరైన ఇంజనీరు కావచ్చు. కాని ఇంట్లో ఏ పరికరం కన్నుమూసినా, దానిని పాత సామాన్లవాడికి వేసేలోపు అడాప్టరును తీగతో సహా వేరుచేసి అటక మీది మిక్సీ అట్టపెట్టెలో భద్రపరచడం ఇతని ప్రథమ లక్షణంగా గుర్తించాలి. అడాప్టరు అనగా గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీ కరెంటును పరికరానికి పట్టే కొద్ది వోల్టుల డీసీ కరెంటుగా మార్చే నల్ల డబ్బా. పరికరాలు పోతుంటాయి గాని ఈ డబ్బాలు ఒక పట్టాన పోవు గనుక, బాబాయి పెట్టె ఏటేటా బరువెక్కుతూ ఉంటుంది. ప్రతి డబ్బా మీదా తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, "పని చేయును" అని బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది. దేనికి పని చేయునో మాత్రం రాసి ఉండదు.

ఈ మనిషి స్వభావం పూర్తిగా బయటపడేది ఎల్‌ఈడీ స్ట్రిప్పు కొన్న రోజున. ఎవరి గృహప్రవేశంలోనో ఫాల్స్ సీలింగ్ అంచున దాగి వెలిగే పాలవెలుగును చూసి వచ్చిన బాబాయి, స్ట్రిప్పు విషయంలో పిసినారితనం చూపడు; 5 మీటర్ల చుట్ట, మీటరుకు 60 దీపాలు, అదీ 5050 రకమే కావాలంటాడు. 5050 అనగా ఒక్కొక్క దీపం 5.0 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గలదని అర్థమే గాని, పిన్నిగారు అనుకున్నట్లు బిస్కట్ల పేరు కాదు. ఇది 12 వోల్టుల మీద నడుస్తూ మీటరుకు సుమారు 14.4 వాట్లు తింటుంది. దానికి తగిన పవర్ సప్లై కూడా తీసుకొమ్మని కొట్టువాడు చెప్పగానే బాబాయి ముఖం మారుతుంది. వెలిగే వస్తువుకు ధారాళంగా చాచిన చేయి, ఎవరి కంటా పడకుండా సీలింగు పైన కూర్చునే డబ్బా దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుపోతుంది. "ఇంట్లో ఉన్నవేగా!" అన్నది ఈ సందర్భంలో ఇతని ఏకైక సిద్ధాంతవాక్యం.

ఇతనికి లెక్క రాదని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. పాత శుభలేఖ వెనుక ఇతడు వేసే లెక్కలో ఏ లెక్చరరూ తప్పు పట్టలేడు: 14.4ను 5తో హెచ్చవేస్తే 72 వాట్లు, దానిని 12 వోల్టులతో భాగిస్తే 6 ఆంపియర్లు. పవర్ సప్లైని దాని పూర్తి శక్తి మేరకు గంటల తరబడి నడిపితే వేడెక్కి ఆయువు తగ్గుతుంది కాబట్టి పైన నాలుగో వంతు కలిపితే ఏడున్నర. బజారులో తేలికగా దొరికే తరువాతి మెట్టు 10 ఆంపియర్లు. ఆ 10 కింద రెండు గీతలు కూడా గీస్తాడు. గీసి, శుభలేఖను మడిచి జేబులో పెట్టుకుని, నిచ్చెన తెమ్మంటాడు. నిచ్చెన దేనికని అడిగేవారు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

మొదట దిగేది ల్యాప్‌టాప్ అడాప్టరు. అది 19 వోల్టులది. స్ట్రిప్పులో మూడేసి దీపాలను ఒక వరుసగా కలిపి, వాటితోపాటు కరెంటును అదుపుచేసే రెసిస్టరు అనే చిన్న బిళ్ళను పెడతారు. మూడు తెల్లదీపాలూ కలిసి తొమ్మిది వోల్టుల పైచిలుకు తీసుకోగా, మిగిలే మూడు వోల్టుల లోపు భారమే ఆ బిళ్ళ మోయవలసి ఉంటుంది. 19 ఎక్కించేసరికి దాని నెత్తిన పది వోల్టుల దాకా పడి, కరెంటు సుమారు మూడింతలవుతుంది. పరీక్షకని కత్తిరించిన అర మీటరు ముక్క రోహిణీకార్తె సూర్యుడిలా వెలగగా, బాబాయి ఇంటిల్లిపాదినీ కేకవేస్తాడు. వాళ్ళు వచ్చేసరికి చీకటీ, కమురు వాసనా మిగులుతాయి. అయితే మిగిలిన నాలుగున్నర మీటర్లకు 5.4 ఆంపియర్లే చాలు గనుక, ఈ నష్టంలోనూ కొంత లాభం ఉన్నదని ఇతని వాదన.

తరువాత వచ్చేది పాత రౌటరు అడాప్టరు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు. వోల్టు కూరలో ఉప్పు వంటిది, ఎంత ఉండాలో అంతే ఉండాలి. ఆంపియరు వండిన అన్నం వంటిది, తినేవాళ్ళు తినగలిగినంతే తింటారు గనుక మిగిలితే ముప్పు లేదు, చాలకపోతేనే పంక్తిలో అల్లరి. ఇలా చాలనప్పుడు అనేక అడాప్టర్లు తమను తాము కాపాడుకోవడానికి కరెంటు ఆపి, క్షణం ఆగి, మళ్ళీ ఇచ్చి చూసి, మళ్ళీ ఆపుతాయి. ఇంజనీర్లు దీనికి పెట్టిన పేరుకు తెలుగులో అర్థం ఎక్కిళ్ళు. హాలంతా ఎక్కిళ్ళు పెడుతుంటే బాబాయి కలవరపడడు. దీపావళికి మిణుకుమిణుకు దీపాలు విడిగా కొననక్కరలేదని పిన్నిగారికి నచ్చజెప్పబోతాడు.

దీని తరువాతి ఆలోచన ఇతని ప్రతిభకు పరాకాష్ఠ. రెండేసి ఆంపియర్ల అడాప్టర్లు మూడు కలిపితే ఆరు అవుతుందని, మూడింటి తీగలనూ ఒకే ముడిగా మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడతాడు. కూడికలో తప్పు లేదు, అడాప్టర్ల స్వభావంలో ఉన్నది. వేరువేరు కంపెనీల డబ్బాల వోల్టేజి వెంట్రుకవాసిలోనైనా తేడాగా ఉంటుంది. ఎవరిది కాస్త ఎక్కువో ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలిలా వారి మీదనే బరువంతా పడుతుంది, మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు. పెద్దకోడలు సొమ్మసిల్లాక రెండో ఆమె లేస్తుంది, ఆమె కూలబడ్డాక మూడో ఆమె. ఇంతలో మొదటి ఆమె తేరుకుంటుంది. అంతకుముందు ఒక గొంతుతో వచ్చిన ఎక్కిళ్ళు ఇప్పుడు మూడు గొంతులతో వస్తాయి.

చివరికి పిన్నిగారు చీటీ డబ్బులోంచి తీసి ఇచ్చి, బాబాయిని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి తరుముతారు. అక్కడ దొరికేది ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటును సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ వోల్టేజిని దించే పవర్ సప్లై. చిల్లుల రేకు డబ్బాలో వస్తుంది. బాబాయి దానిని దోసకాయను తూచినట్లు అరచేతిలో తూచి, తేలికైన దానిలో సరుకు లేదని తీర్మానిస్తాడు. ఈ తీర్మానాన్ని తోసిపుచ్చలేము, ఎందుకంటే రేకు మీద 10 అని వేసి లోపల ఆరుకు సరిపడే సరుకు పెట్టేవారూ లేకపోలేదు. ఇంటికి తెచ్చాక మాత్రం ఫేజుకూ న్యూట్రలుకూ తీగలు బిగించి, ఎర్త్ అనే మూడో మరను ఖాళీగా వదిలేస్తాడు. రేకు ముట్టుకుంటే జివ్వుమంటే, అది రక్తప్రసరణకు మంచిదంటాడు. ఇక్కడ ఇతనితో కలిసి నవ్వడానికి వీలు లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మూడో తీగ కలిపి, బల్లులు దూరని, గాలి ఆడే చోట డబ్బాను అమర్చేదాకా పిన్నిగారు స్విచ్చు దగ్గర కాపలా ఉండడం సమంజసమే.

అయినా ఇతనిని పూర్తిగా తీసిపారేయడానికి మనసొప్పదు. కొత్త పవర్ సప్లైతో స్ట్రిప్పు మొదట్లో చిక్కని పాలలాగా, చివర నీళ్ళ మజ్జిగలాగా వెలిగినప్పుడు, అందరూ చుట్ట నాసిరకమని కొట్టువాణ్ణి తిట్టగా, అరవై దాటిన బాబాయి ఒక్కడే మల్టీమీటరు చేతబట్టి నిచ్చెనెక్కి, నాడి చూసే వైద్యునిలా కళ్ళు మూసుకుని, ఆ కొసన 12, ఈ కొసన 10 దరిదాపు అని పలికాడు. స్ట్రిప్పులోని రాగి పూత సన్నం కావడం చేత దారిలోనే వోల్టేజి తరిగిపోతుందని గ్రహించి, రెండో కొసకు కూడా విడిగా తీగ లాగి కలిపేసరికి వెలుగు సమానమైంది. ఆ రాత్రి ఆ ఇంట ఇతనికి రెండోసారి కాఫీ దొరికింది.

ఇంత నిశితంగా పరులను పరిశీలించిన ఈ వ్యాసకర్త సొంత బల్ల సొరుగులో కూడా నాలుగు అడాప్టర్లు ఉన్నవనీ, వాటిలో ఒకటి ఏ పరికరానిదో ఇంట్లో ఎవరికీ తెలియదనీ ఇక్కడ నమోదు చేయవలసి ఉన్నది. ఆ నాలుగింటిలో ఒక్కటీ 12 వోల్టులది కాకపోవడం చేత, పుస్తకాల బీరువాకు అతికించిన ఒక మీటరు స్ట్రిప్పు కోసం వ్యాసకర్త బాబాయినే ఆశ్రయించి, 14.4 వాట్లకు 1.2 ఆంపియర్లు చాలుననీ, 2 ఆంపియర్ల పాత రౌటరు అడాప్టరు సరిగ్గా సరిపోతుందనీ విన్నవించడం జరిగింది. బాబాయి శుభలేఖ తిరగేసి లెక్క సరిచూసి, అక్షరాలా ఒప్పేనని తలపంకించి, "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అంటూ పెట్టె మూత వేసి, దానిని మళ్ళీ అటక మీదికి ఎక్కించాడు.