బీరువాలో బంగారం, బజారులో దేశభక్తి

ఇంకేం, దేశం గట్టెక్కినట్టే! బీరువాలో నిద్రపోతున్న బంగారాన్ని లేపమంటున్నారుగా. బంగారు రుణాల ప్రకటనలో హీరో నవ్వుతూ అదే చెబుతాడు, చర్చలో నిపుణుడు నవ్వకుండా అదే చెబుతాడు. రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు కూడా 2025 జూన్‌లో దారి వెడల్పు చేసింది. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అయితేనేం? తమిళనాడు రాజపాళయంలో నూలు మిల్లు షిఫ్టు తగ్గించినా, పక్కన ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గం ఆగినా దిగులు పడకండి. ఇల్లాలి మెడలో ఇంకా ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఈ తెలివి కొత్తదేం కాదు. 1929 మాంద్యం తర్వాత పంట ధరలు సగానికి సగం పడిపోయాయి. శిస్తూ వడ్డీ మాత్రం పాత రూపాయల లెక్కలోనే బిగుసుకు కూర్చున్నాయి. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలేసింది. మన రూపాయిని మాత్రం పద్దెనిమిది పెన్నీల దగ్గరే పౌండుకు కట్టేసి ఉంచింది. బంగారం ధర లేచింది, ఊరూరా తులాల లెక్క మొదలైంది. గీటురాయి మీద గీయడం, రాళ్లకూ లక్కకూ తరుగు తీయడం, కరిగించి కడ్డీలు పోయడం, బొంబాయి రేవులో ఓడెక్కించడం. ఆ దశాబ్దంలో 300 కోట్ల రూపాయలకు పైగా బంగారం అలా సముద్రం దాటింది. ఎగుమతి ఆపండని కాంగ్రెసు వాళ్లూ, వర్తకులూ మొత్తుకుంటే, ఆర్థిక సభ్యుడు సర్ జార్జి షుస్టర్ ఆ ఎగుమతినే వెనకేసుకొచ్చారు. జనం మంచి ధర చూసి లాభానికి అమ్ముకుంటున్నారట! అంటే కిస్తు గడువు మీద పడ్డ రైతు, పెళ్లాం గాజులతో స్పెక్యులేషన్ చేస్తున్నాడన్నమాట. ఆ బంగారంతో దేశం తేరుకున్న మాట నిజమే. కాకపోతే ఆ దేశం ఇంగ్లండు.

ధర వచ్చింది, అప్పు తీరింది, ఇందులో తప్పేముందని అడిగేవాళ్లున్నారు. అప్పు తీరడం వేరు, అప్పు పుట్టిన కారణం తీరడం వేరు. పత్తి ధర లేవనంతకాలం మళ్లీ అప్పు పుడుతుంది. ఈసారి అమ్మడానికి నగ ఉండదు. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది 1938లో. తొమ్మిదేళ్లు ఆలస్యం. ఈలోగా కరిగిపోయిన పుస్తెలను ఏ చట్టం తిరిగి పోతపోసింది? ఇప్పుడూ అంతే. కూలి పెంచరు, పని చూపరు, ఉన్న ఒక్క ఆసరానూ తెచ్చి కౌంటర్ మీద పెట్టమంటారు, వాయిదా తప్పితే పేపర్లో వేలం ప్రకటన వేస్తారు. దీన్ని ఆర్థిక విధానం అనడానికి సిగ్గుండాలి.

సంక్షోభంలోనే అవకాశం ఉందనడానికి రాజపాళయాన్నే సాక్ష్యం పిలుస్తారు కొందరు. పి.ఎ.సి. రామస్వామి రాజా ఆ గడ్డు దశాబ్దంలోనే, 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు కదా అంటారు. పెట్టారు. మన తెలుగు రాజులు అరవ నేల మీద పోగుచేసుకున్న పరువులో అదొక పెద్ద వాటా. కానీ ఆయన సాహసానికి పెట్టాల్సిన దండం మాంద్యానికి పెడతారేం? 1933లో బ్రిటిషేతర బట్ట మీద సుంకం 75 శాతానికి చేరింది. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చి కోయంబత్తూరు మిల్లులకు ఊపిరి పోసింది. ఈ రెండూ సర్కారు చేసిన పనులే, సంక్షోభం చేసినవి కావు. పైగా మిల్లులకు పత్తి చవగ్గా దొరికిందంటే పండించినవాడు మునిగాడనేగా అర్థం. ఒకడి అవకాశం ఖాతాలో రెండోవాడి నష్టం రాయకుండా వదిలేస్తే ఏ లెక్కైనా లాభమే చూపిస్తుంది.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా 1933లో జనం బంగారం అడిగి తీసుకున్నాడని గుర్తుచేస్తారు. తీసుకున్నాడు, రేటు కట్టి డబ్బిచ్చాడు, దానితోపాటు రోడ్లు వేయించి, ఆనకట్టలు కట్టించి కూలి కూడా ఇచ్చాడు. మనవాళ్లకు అందులో మొదటి సగమే నచ్చింది. దేశం తేరుకునేది చేతికి పని దొరికి, ఆ కూలితో సరుకు కొనగలిగినప్పుడు. ఆ పని చూపించలేని వాళ్లు ఆడవాళ్ల నగలకు సుప్రభాతం పాడటం మానేస్తే చాలు.